మాల్టాకి మధ్యలో శ్రీరంగాపూర్!

సెలవులొచ్చాయంటే చాలు, మన కుర్రకారు మనసు పాటల్లో చూసిన దీవుల మీదికి పోతుంది. నీలం నీళ్ళు, తెల్ల గోడలు, గాలికి ఎగిరే హీరోయిన్ పమిట... అది చూసిన మర్నాడు ఇంట్లో పప్పుచారు సహించదు. అవునా, కాదా?

మా బావగారిదీ అదే జబ్బు. క్రిస్మస్ సెలవులకి పెళ్ళాం పిల్లల్తో మాల్టా వెళ్తానన్నారు. మాల్టా అంటే తెలుసుగా, మధ్యధరా సముద్రంలో ఇటలీకి దిగువనున్న బుల్లి ద్వీప దేశం. 'గ్లాడియేటర్', 'ట్రాయ్' మొదలుకొని మన అమితాబ్, ఆమిర్‌ఖాన్‌ల 'థగ్స్ ఆఫ్ హిందుస్తాన్' దాకా అక్కడ కెమెరా తిరిగింది. అన్నట్టు అక్కడో తమాషా ఉంది. 1980లో వచ్చిన 'పొపాయ్' సినిమా కోసం హాలండు నుంచి కలప తెప్పించి, సముద్రం ఒడ్డున ఏకంగా ఓ ఊరే కట్టారు. షూటింగు ఏనాడో అయిపోయింది. హీరో రాబిన్ విలియమ్స్ 2014లో పోయాడు. ఊరు మాత్రం ఉంది! ఎవరూ కాపురం చెయ్యని ఆ ఊరిని జనం టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తున్నారు.

సరే వెళ్ళండి బావగారూ, మరి అమ్మ సంగతి? "అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, అక్కడి తిండి పడదు. నువ్వున్నావుగా!" అన్నారు. అక్కయ్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. "నాకెందుకురా ఆ దేశాలు" అనేసి అమ్మ లోపలికి పోయింది. ఆ 'నాకెందుకు'లో 'నాకూ' ఎంతుందో మీ ఇళ్ళలో మీరూ వినే ఉంటారు. నాన్న పోయాక ఆవిడ దాటిన పెద్ద దూరం రైతుబజారు!

ఇంతలో టిక్కెట్ల ధర చూసి బావగారే ప్రయాణం మరుసటి ఏడాదికి వాయిదా వేశారు. సందు దొరికింది కదా అని, సంక్రాంతికి శ్రీరంగాపూర్ పోదామన్నాను. మేనకోడలు మొహం ముడిచింది. "సిద్ధార్థ్, అదితీరావు హైదరీల పెళ్ళి జరిగిన గుడే" అన్నానో లేదో, అందరికంటే ముందు తనే కారెక్కింది. 'మహాసముద్రం' (2021)లో కలిసి నటించిన ఆ జంట 2024 సెప్టెంబరులో రంగసముద్రం ఒడ్డున, రంగనాయకస్వామి సన్నిధిలో ఒకటయ్యారు. అదితి తల్లి తరపు తాతగారు వనపర్తి రాజా రామేశ్వరరావు. ఆ గుడి వనపర్తి సంస్థానం వారిదే.

కర్నూలు రోడ్డు మీద పెబ్బేరు దాకా పోయి పక్కకి తిరిగాం. ఎత్తయిన గోపురం, దాన్ని ఒరుసుకుంటూ కనుచూపు మేరా నీళ్ళు. మేనకోడలు పెళ్ళిఫొటోలు చేత్తో పట్టుకుని వధూవరులు ఎక్కడ కూర్చున్నారో వెతకడం మొదలెట్టింది. అమ్మ మాత్రం మెట్ల మీద రేగుపళ్ళు అమ్మే ఆవిడ పక్కన చతికిలబడింది.

"యాడికెల్లి ఒచ్చిండ్రమ్మా? సిన్మావోళ్ళ పెండ్లి అయిన జాగ జూసెతందుకా?"

"నీళ్ళు చూద్దామని" అంది అమ్మ.

"గీ నీళ్ళా? కృష్ణల నుంచి మోటార్లు వెట్టి ఎక్కిస్తరు. మా చేను ఆడుండె" అంటూ ఆవిడ నీళ్ళ మధ్యకి చెయ్యి చూపింది.

నిజమే. ఈ రంగసముద్రం ఇప్పుడు భీమా ఎత్తిపోతల పథకంలో రిజర్వాయరు. ఇది ఎన్నో పొలాలని తడుపుతోంది, కొన్ని పొలాలని తన అడుగునే ఉంచుకుంది. పెళ్ళిఫొటోల్లో ఆ చేను కనపడదు, నీళ్ళు నీలంగానే ఉంటాయి! మాల్టా వాళ్ళు సెట్టింగుని ఊరులా కాపాడుకుంటున్నారు, మన సినిమా పేజీలేమో బతికున్న ఊరిని సెట్టింగులా చూపించాయి. నా పేచీ అక్కడే. హీరో హీరోయిన్లని చూడొద్దని ఎవరన్నారు గురూ? పక్కనున్న మనిషిని "మీదే ఊరు?" అని అడిగితే మాత్రం ఫొటో పాడవుతుందా?

ఆ ఇద్దరు ఆడవాళ్ళూ గంటన్నర కూర్చున్నారు. నష్టపరిహారం, కోడళ్ళు, మోకాళ్ళు... ఒకటా, రెండా! మేనకోడలు కూడా ఫోను సంచీలో పడేసి, వాళ్ళ మధ్య దూరి రేగుపళ్ళు మెక్కింది. గంపలో సగం మా కారెక్కింది.

తిరుగు దారిలో అమ్మ హఠాత్తుగా "మాల్టాలో నీళ్ళు ఇంతకన్నా ఎక్కువా?" అంది.

"అది సముద్రం అత్తయ్యా" అన్నారు బావగారు.

"అయితే చూడాలి."

బావగారి స్టీరింగు కాస్త వంకర తిరిగిందని నా అనుమానం! కిందటి వారం పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టేశాం. ఆఫీసులో ఫొటో తీసే అమ్మాయి "నవ్వకండి" అంటే ఈవిడకి ఇంకా నవ్వొచ్చిందట.