కార్డు ఇచ్చారు సరే, స్కానింగ్ ఎక్కడ?

సికిల్ సెల్ గురించి ప్రభుత్వం ఎప్పుడు మాట్లాడినా రక్తపరీక్షల లెక్కలే వినిపిస్తాయి. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో జాతీయ సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన మిషన్ మొదలైంది. 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి వ్యాధిని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకున్నారు. పరీక్షించి కార్డు ఇవ్వడం అవసరమే. కానీ వ్యాధి ఉందని కార్డు అందుకున్న పిల్ల సంగతి ఆ తర్వాత ఏమిటన్నది నా ప్రశ్న. దానికి జవాబులో పెద్ద భాగం ఎమ్మారై గదిలో ఉంది.

భౌతికశాస్త్రం బోధించే మనిషిగా ఆ యంత్రం గురించి ముందు రెండు మాటలు చెప్తాను. మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంటుంది. 1.5 టెస్లా అయస్కాంతం, అంటే భూమి అయస్కాంత బలానికి దాదాపు 30,000 రెట్లు, ఆ హైడ్రోజన్ కేంద్రకాలను ఒక వరసలోకి తెస్తుంది. రేడియో తరంగంతో వాటిని కదిలించి వదిలేస్తే, తిరిగి సర్దుకుంటూ సంకేతాలు ఇస్తాయి. సర్దుకునే వేగం ఒక్కో కణజాలంలో ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాయే చిత్రమవుతుంది. ఈ పద్ధతికి పునాది వేసిన లాటర్‌బర్, మాన్స్‌ఫీల్డ్‌లకు 2003లో నోబెల్ వచ్చింది. ఎక్స్‌రే, సీటీల్లో ఉండే రేడియేషన్ ఇందులో లేదు. అందుకే పిల్లలకు మళ్లీ తీయాల్సి వచ్చినా ఆ భయం ఉండదు.

సికిల్ సెల్‌లో ఇది మూడు చోట్ల పనికొస్తుంది. మొదటిది తుంటి. కొడవలి ఆకారానికి మారిన రక్తకణాలు సన్నటి నాళాలను మూసేస్తే, తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చిపోతుంది. తొలి దశలో ఎక్స్‌రే మామూలుగానే కనిపిస్తుంది. ఎమ్మారై మాత్రం మజ్జలో వచ్చిన మార్పును అప్పుడే పట్టుకుంటుంది. అప్పుడు తెలిస్తే ఎముకను నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చు. ఎముక కుంగిపోయాక మిగిలేది తుంటి మార్పిడే. ఒంటి కష్టం మీద బతికే ఇంట్లో ఈ తేడా బతుకుదెరువుకు సంబంధించినది.

రెండోది మెదడు. ఈ పిల్లల్లో కొందరికి పైకి ఏ లక్షణమూ లేని పక్షవాతం వస్తుంది. చేయి పడిపోదు, మాట పోదు. మెదడులో చిన్న మచ్చ మాత్రం మిగులుతుంది. తీవ్రమైన రకం ఉన్న పిల్లల్లో సుమారు నాలుగో వంతు మందికి ఆరేళ్లలోపే ఇలా జరుగుతోందని అమెరికా అధ్యయనం ఒకటి చెప్పింది. ఫ్లెయిర్ అనే ఎమ్మారై పద్ధతి మెదడు చుట్టూ ఉన్న నీటి సంకేతాన్ని అణచి, ఆ మచ్చను స్పష్టంగా చూపిస్తుంది. మచ్చ ఉన్న పిల్లలకు క్రమం తప్పక రక్తం ఎక్కిస్తే మళ్లీ దెబ్బ తగలడం తగ్గుతుందని 2014లో వెలువడిన పరిశోధన తేల్చింది. బడి వయసులో కనీసం ఒక్కసారైనా మెదడు ఎమ్మారై తీయాలని అమెరికన్ హెమటాలజీ సొసైటీ 2020లో సూచించింది.

మూడోది ఇనుము. తరచూ రక్తం ఎక్కించుకునేవారి కాలేయంలో, కొందరికి గుండెలో కూడా ఇనుము పేరుకుంటుంది. టీ2 స్టార్ అనే పద్ధతి సూది గుచ్చి ముక్క తీయకుండానే దాన్ని కొలుస్తుంది.

ఇప్పుడు మన తరగతి గదికి వద్దాం. ఈ వ్యాధి ఎక్కువగా ఆదివాసుల్లో ఉంది. విదర్భ, ఛత్తీస్‌గఢ్‌లలో షెడ్యూల్డ్ కులాల్లోనూ ఉంది. అంటే పాఠం అందుకోలేకపోతే కారణం వెతక్కుండానే ‘మొద్దు’ అనిపించుకునే పిల్లలు, పెద్దయ్యాక ‘మెరిట్ లేదు’ అనిపించుకునే పిల్లలు వీళ్లే. వెనకబాటుకు కారణాలు అనేకం. కానీ సికిల్ సెల్ కార్డు ఉన్న పిల్ల చదువులో జారిపోతుంటే, ఆమె మెదడును ఒక్కసారైనా చూడకుండా ఆమె తెలివిపై తీర్పు చెప్పే హక్కు ఎవరికీ లేదు.

యంత్రం ఖరీదు, దూరం నిజమైన అడ్డంకులే. పాడేరు కొండల నుంచి విశాఖకు రావాలంటే ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు ఖర్చు పోతాయి. మంచం పక్కకు తోసుకెళ్లే 0.064 టెస్లా యంత్రాలు వచ్చాయి, మంచిదే. కానీ అంత తక్కువ బలంలో చిన్న మచ్చలు తప్పిపోవచ్చు. నగరానికి 1.5 టెస్లా, గూడేనికి 0.064 అనే పంపకాన్ని నేను ఒప్పుకోను. బెంగళూరులో తయారైన దేశీయ 1.5 టెస్లా యంత్రం 2023లోనే విడుదలైంది. అలాంటివి ముందుగా ఏజెన్సీ ప్రాంతాలకు దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రులకు వెళ్లాలి. చెవులు చిల్లులు పడే చప్పుడులో అరగంట కదలకుండా పడుకోవాలని ఆ పిల్లకు కోయలోనో, కువిలోనో, సవరలోనో చెప్పే మనిషి కూడా అక్కడ ఉండాలి.

ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం రాజ్యం ప్రాథమిక కర్తవ్యాల్లో ఒకటని 47వ అధికరణం చెప్తోంది. పరిశోధక విద్యార్థులకు నా విన్నపం ఒక్కటే. మీ జిల్లాలో వ్యాధి నిర్ధారణ అయిన పిల్లల్లో ఎంతమందికి మెదడు ఎమ్మారై తీశారో సమాచార హక్కు చట్టం కింద అడగండి. అంకె వస్తే దాన్ని పట్టుకుని నిలదీద్దాం. అసలు లెక్కే పెట్టలేదని జవాబొస్తే, పోరాటం అక్కడి నుంచే మొదలుపెడదాం.