జనాదరణ – కళాసాధన

జనాదరణ పొందిన గొప్ప కళాకారులలో మూడు లక్షణాలు కనిపిస్తాయి. మొదటిది పామరులకు సైతం అందే సౌలభ్యం. రెండవది ఎప్పటికప్పుడు కొత్త రూపం ధరించగల నవ్యత. మూడవది ఇతరులకు విడ్డూరంగా తోచే విలక్షణత. బ్రిటిష్ పాప్ గాయకుడు డేవిడ్ బోయీ 1972లో జిగ్గీ స్టార్‌డస్ట్ అనే కల్పిత పాత్ర వేషంలో పాడి శ్రోతలను ఆకట్టుకున్నాడు. మరుసటి సంవత్సరమే ఆ వేషాన్ని విడిచిపెట్టాడు. ఇటువంటి సాహసం అందరికీ చెల్లదనీ, జనానికి నచ్చాలంటే కళాకారుడు తన స్థాయిని దించుకోక తప్పదనీ పలువురు భావిస్తారు. ఆ భావన సరికాదని మన హరికథా చరిత్ర నిరూపిస్తున్నది.

హరికథా పితామహునిగా కీర్తి పొందిన ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) ఉత్తరాంధ్రలోని అజ్జాడ గ్రామంలో జన్మించారు. మద్రాసు నుండి వచ్చిన కుప్పుస్వామి నాయుడు హరికథను విని ప్రేరణ పొందారు. 1883లో ధ్రువచరిత్రతో తాము కథాగానం ప్రారంభించారు. కాలికి గజ్జె కట్టి, పాట, పద్యం, వచనం, నృత్యం, అభినయం అన్నింటినీ ఒక్కరే నిర్వహిస్తూ ఆ కళకు తెలుగుదనం కల్పించారు.

ఆయన పాండిత్యం సామాన్యమైనది కాదు. తొంభై రాగాలతో ‘దశవిధ రాగ నవతి కుసుమ మంజరి’ని కూర్చారు. రెండు చేతులతో, రెండు కాళ్లతో, శిరస్సుతో ఏకకాలంలో ఐదు తాళాలు చూపే ‘పంచముఖి’ని ప్రదర్శించారు. పారశీక కవి ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకి, అచ్చ తెలుగులోకి అనువదించారు. ఇంతటి విలక్షణుని సామాన్యులు ఎలా ఆదరించారు? ధ్రువుని కథ, రుక్మిణి కథ శ్రోతలకు ముందే తెలుసు. రాగభేదం తెలియనివారు కథ వెంట నడిచారు. తెలిసినవారు రాగం వెంట నడిచారు. దాసుగారు తన విద్యను తగ్గించుకోలేదు, అందులోకి ప్రవేశించే ద్వారాన్ని విశాలం చేశారు. 1919లో విజయనగరంలో నెలకొన్న సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులైనవారు కూడా ఆయనే.

మన ప్రాంతంలోనూ ఇందుకు నిదర్శనం ఉంది. కొడంగల్ 2016 వరకు భాగంగా ఉన్న ఉమ్మడి పాలమూరు జిల్లాకు చెందిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తూ వీరగాథలు గానం చేసే కళాకారుడు. 2021లో ‘భీమ్లా నాయక్’ చిత్రగీతం ద్వారా ఆయన గొంతు లక్షలాది మందికి చేరింది. 2022లో పద్మశ్రీ పురస్కారం లభించింది. వేదిక మారిందే కాని, ఆయన కిన్నెర మారలేదు. అయితే ఆ ఒక్క పాట విన్నవారిలో కిన్నెర కథను పూర్తిగా వినాలని కోరినవారెందరు? కళాకారుడు ద్వారం తెరిచినా, లోపలికి అడుగుపెట్టవలసినది శ్రోతయే.

నేడు విడ్డూరపు వేషంతో ఒక్క రోజులో పేరు పొందడం సులభం. సాధన లేని విడ్డూరం మరునాటికి పాతబడుతుంది. సాధన ఉన్న విలక్షణతను అర్థం చేసుకోవడానికి మాత్రం కొంత ఓపిక అవసరం. కనుక విద్యార్థులారా! మీ ఊరి జాతరలో హరికథయో, యక్షగానమో జరిగినప్పుడు అర్థం కాలేదని వెంటనే లేచిపోకండి. తెలిసిన కథను పట్టుకొని కూర్చోండి. తెలియని రాగం మెల్లగా చెవికి పరిచయమవుతుంది. శ్రోతల అభిరుచి పెరిగినప్పుడే కళాకారుడు తన స్థాయిని దించుకోవలసిన అవసరం తప్పుతుంది.