బుట్ట మీద చెయ్యి ఎవరిది?

కార్వేటినగరం చుట్టుపక్కల పల్లెల్లో యాభై దాటిన వాళ్ళను ఎవరినైనా కదిలించండి. 'పాములోడు వచ్చినాడు' అన్న కేక వినగానే పలక పడేసి వీధిలోకి ఉరికిన రోజులు చెబుతారు. భుజాన కావడి, దానికి వేలాడే వెదురుబుట్టలు, చేతిలో సొరబుర్రతో చేసిన నాగస్వరం. మూత తీస్తే చాలు... బుస్సుమంటూ పడగ లేచేది. ఆడవాళ్ళు చేటలో బియ్యం తెచ్చి పోసేవాళ్ళు. పాత పంచో చీరో ఇచ్చి, పిల్లల తల మీద పాముతో దీవెన వేయించుకునేవాళ్ళు.

ఇప్పటి పిల్లలకు ఆ పాములోడు తెలియడు. వాళ్ళకు తెలిసింది పొడవాటి కొక్కెం కర్రతో పామును పట్టి, సంచిలో వేసి, సెల్‌ఫోనుకు ఫొటో ఇచ్చే స్నేక్ క్యాచర్. పాము అదే. పట్టే చెయ్యి మారింది. మొదటివాణ్ణి చట్టం నేరస్తుడంటుంది. రెండోవాణ్ణి జనం ప్రాణిమిత్రుడంటారు. పండగ పూట ఇద్దరూ ఎదురుపడితే బుట్ట చేతులు మారుతుంది. ఇంతకీ ఆ బుట్ట మీద చెయ్యి వేసే హక్కు ఎవరికుంది? పాములవాళ్ళు ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్న ఇదే.

పాములోడి గోడు

ఒకప్పుడు పాముల వల్ల రెండు రకాలుగా కూడు దొరికేది. ఒకటి ఆడించడం, రెండోది తోలు అమ్మడం. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత పాముతోలు ఎగుమతుల మీద నిషేధం పడింది. అడవి జంతువును పట్టడమే వేట కిందికి వచ్చింది. 2022లో సవరించిన చట్టంతో నాగుపాము, జెర్రిపోతు రెండూ మొదటి షెడ్యూల్‌లోకి ఎక్కాయి. అంటే పులితో సమానమైన రక్షణ. పట్టుకుంటే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ జైలు, తక్కువలో తక్కువ 25 వేల రూపాయల జరిమానా. రోజంతా తిరిగితే నాలుగు శేర్ల బియ్యం రాలే వృత్తికి ఇది శిక్ష.

పాములవాళ్ళు చట్టాన్ని మొత్తంగా తప్పు పట్టరు. తోలు కోసం పాముల్ని చంపిన కాలం మంచిదని వాళ్ళూ అనరు. వాళ్ళ బాధ చట్టాన్ని మోసుకొచ్చే మనుషుల మీద. అటవీ ఉద్యోగి వస్తే అతనికో పదవి ఉంది, పైన ఇంకో అధికారి ఉన్నాడు, కాళ్ళో చేతులో పట్టుకుని చెప్పుకోవచ్చు. టీ షర్టు మీద సంఘం పేరు వేసుకుని వచ్చిన కుర్రాణ్ణి ఎవరని అడగాలి? అతను బుట్ట తీసుకుపోతే రసీదు ఎవరిస్తారు? ఆ పాము చివరికి ఏమైంది? వీధి మధ్యలో మనిషిని దొంగలా నిలబెట్టి వీడియో తీస్తే ఆ అవమానానికి లెక్క ఎక్కడ?

వాళ్ళ మాటల్లో ఇంకో ములుకు ఉంది. చంద్రగిరి మండలం పల్లెల్లో సంక్రాంతికి ఎద్దుల్ని తరిమే పశువుల పండగ చిత్తూరు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. అలాంటి జల్లికట్టును భారత జంతు సంక్షేమ మండలి వేసిన కేసులోనే సుప్రీంకోర్టు 2014లో నిషేధించింది. 2017లో చెన్నై మెరీనా తీరాన జనం కదిలారు, తమిళనాడు చట్టమే మార్చుకుంది. ఆ మార్పును 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఎద్దు వెనక ఊరంతా ఉంది, పాములోడి వెనక ఎవరున్నారు? ఎద్దు పెంపుడు జంతువు, పాము అడవి జంతువు, రెంటికీ చట్టాలు వేరన్నది నిజమే. అయినా ఒకరి ఆచారానికి దారి వెతికిన ప్రభుత్వాలు ఇంకొకరి ఆకలికి ఎందుకు వెతకలేదన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. పాముల కులం పేరు వెనుకబడిన తరగతుల్లో 'ఎ' గ్రూపులో ఉంది. జాబితాలో పేరుంది... చేతిలో పని పోయింది.

బుట్టలో ఏముంది?

ఇక రెండో వైపు. హైదరాబాద్‌లో బ్లూక్రాస్ 1992 నుంచి, ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ 1995 నుంచి పనిచేస్తున్నాయి. నాగుల పంచమి వస్తే అటవీ శాఖ వాళ్ళతో కలిసి ఇలాంటి సంఘాల కార్యకర్తలు గుళ్ళ దగ్గర కాపు కాస్తారు. పట్టుబడిన బుట్టల్లో వాళ్ళు చూసేది దేవుడి పాము కాదు, చావుకు దగ్గరపడ్డ జీవం. కోరలు పీకేసి ఉంటాయి. విషగ్రంథులు చితికి ఉంటాయి. కొన్నిటికి మూతి దారంతో కుట్టేసి ఉంటుంది. నోరు పుండు పడ్డ పాము ఎరను పట్టలేదు, మింగలేదు.

పాలు తాగడం సంగతీ అంతే. పాముకు పాలు ఆహారం కాదు. రోజుల తరబడి నీళ్ళివ్వకుండా ఎండగడితే దాహానికి ఏది పోసినా మింగుతుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చేవి కొన్ని, అరగక చచ్చేవి కొన్ని. మనం భక్తితో పోసిన గిన్నెడు పాలే దాని ఉసురు తీస్తాయి. నాగస్వరానికి తల ఊపడం కూడా పాట మీద ఇష్టం కాదు. కళ్ళ ముందు ఊగుతున్న బూరను కాచుకోవడం.

పాములవాళ్ళు దీనికీ ఒక జవాబు చెబుతారు. మూతి కుట్టేవాళ్ళు అందరూ కారని, కొన్నాళ్ళు ఉంచుకుని మళ్ళీ వదిలేస్తామని పాముకు ఒట్టు పెట్టుకునే ఆచారం తమలో ఉందని అంటారు. ఉత్తరాది జోగినాథుల మీద వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా తరఫున బహార్ దత్ చేసిన అధ్యయనం 2004లో వచ్చింది. నిషేధం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా వృత్తి ఆగలేదని, వాళ్ళ చేతిలో ఉన్న పాముల జ్ఞానాన్ని వాడుకోవడం మేలని అది చెప్పింది. ఒట్టు నిజమే కావచ్చు. అయితే కోర పీకిన పామును అడవిలో వదిలినా అది బతకడం కష్టం. ఈ విషయంలో సంఘాల వాదనే నెగ్గుతుంది.

చట్టం ఎవరి చేతికిచ్చింది?

నెగ్గాల్సింది వాదన ఒక్కటే కాదు, పద్ధతి కూడా. వన్యప్రాణి చట్టం 50వ సెక్షన్ ప్రకారం సోదా చేయడం, స్వాధీనం చేసుకోవడం, అరెస్టు చేయడం అటవీ అధికారుల పని. పోలీసుల్లో అయితే ఎస్సై, ఆ పై హోదా ఉండాలి. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కానిస్టేబుల్ కంటే పై పోలీసుతో పాటు, ప్రభుత్వం ప్రత్యేకంగా అధికారం ఇచ్చిన వ్యక్తికీ ఆ వీలిచ్చింది. ఆ అధికారపత్రం లేని సంఘం మనిషి సమాచారం ఇవ్వొచ్చు, అధికారుల వెంట రావచ్చు, పాముకు వైద్యం చేయించొచ్చు. నోటీసు ఇచ్చి కోర్టుకూ వెళ్ళొచ్చు. బుట్ట లాక్కునే హక్కు మాత్రం లేదు. పైగా పట్టుబడిన పాము సంఘానిది కాదు, ప్రభుత్వ ఆస్తి.

చట్టాల మధ్య తూకం చూడండి. 1960 చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. 1972 చట్టంలో ఏళ్ళ తరబడి జైలు. ఒకదానికి భయపడేవాడు ఉండడు, రెండోదాన్ని తట్టుకోగల పేదవాడు ఉండడు.

సంఘాల సమాచారం ఎంత దూరం వెళ్ళగలదో 2023 నవంబరులో దేశమంతా చూసింది. పీపుల్ ఫర్ యానిమల్స్ ఫిర్యాదుతో నొయిడా పోలీసులు ఐదుగురిని, తొమ్మిది పాముల్ని పట్టుకున్నారు. వాటిలో ఐదు నాగుపాములే. వలపన్ని పాముల్ని రప్పించింది కూడా ఆ సంస్థ మనుషులే. టీవీల నిండా ఓ యూట్యూబ్ కుర్రాడి పేరే మోగింది. ముందు కటకటాల వెనక్కి వెళ్ళిన పాములవాళ్ళను ఎంతమంది గుర్తు పెట్టుకున్నారు?

ఈ గొడవ మనదొక్కటే కాదు. బ్రిటన్‌లో 1824లో పుట్టిన ఆర్ఎస్‌పీసీఏ అనే పెద్ద సంస్థ తానే దర్యాప్తు చేసి, తానే కోర్టులో కేసులు నడుపుతూ వచ్చింది. విరాళాలు పోగు చేసేవాళ్ళే కేసులూ పెడితే ఎలా అని అక్కడ బల్లుల్ని, పాముల్ని పెంచేవాళ్ళు గట్టిగా అడిగారు. నిజానికి వాళ్ళ ఇన్‌స్పెక్టర్లకు ఇంట్లో చొరబడే అధికారం లేదు. కేసుల బాధ్యతను ప్రభుత్వ ప్రాసిక్యూటర్లకు అప్పగించాలనుకుంటున్నట్టు 2021లో ఆ సంస్థే ప్రకటించింది.

మన ఇంట్లో తాబేలు

పాములోళ్ళ మాటేనా అనుకోకండి. అదృష్టం కలిసొస్తుందని ఇంట్లో నక్షత్ర తాబేలును పెట్టుకునేవాళ్ళు చిత్తూరు సీమలో తక్కువేం కాదు. దాని అందమే దానికి శత్రువైంది. ఇక్కడి మెట్టభూముల్లో ఏరి చెన్నై మీదుగా విదేశాలకు తరలించే దొంగ వ్యాపారం ఎంతగా పెరిగిందంటే 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్నే నిషేధించారు. ఇప్పుడది కూడా మొదటి షెడ్యూల్ జీవే. పెరట్లో ఆకుకూర వేసి ముద్దుగా పెంచుకుంటున్నామన్న మాట కోర్టులో చెల్లదు. ఇక నగరాల్లో విదేశీ కొండచిలువల్ని, ఇగ్వానాల్ని పెంచుకునే వాళ్ళు 2024 నిబంధనల ప్రకారం వాటిని పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. వాళ్ళకు కంప్యూటరు ఉంది, లాయరు ఉన్నాడు. పాములోడికి నమోదు చేసుకునే దారే లేదు.

పొరుగున దొరికిన దారి

కార్వేటినగరం నుంచి తమిళ సరిహద్దు ఎంతో దూరం లేదు. అవతల మహాబలిపురం దగ్గర వడనెమ్మేలిలో 1978లో ఇరుల తెగవాళ్ళు సహకార సంఘం పెట్టుకున్నారు. వెనక నిలబడింది పాముల నిపుణుడు రోములస్ విటేకర్. తోలు వ్యాపారం ఆగి కూడు పోయిన ఆ చేతులకు కొత్త పని దొరికింది. అటవీ శాఖ అనుమతితో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరిలను పడతారు. కొన్ని వారాలుంచి, విషం తీసి, మళ్ళీ అడవిలో వదులుతారు. దేశంలో పాముకాటు మందుకు వాడే విషంలో పెద్ద భాగం అక్కడి నుంచే వచ్చింది. ఇరుల పాముల నిపుణులు వడివేల్ గోపాల్, మాసి సడయన్‌లకు 2023లో పద్మశ్రీ దక్కింది. పాము పట్టినందుకు ఒకరికి జైలు, ఒకరికి పద్మశ్రీ! తేడా అంతా అనుమతిలో, పద్ధతిలో ఉంది.

కేరళ ఇంకో మెట్టు ఎక్కింది. పాములు పట్టేవాళ్ళు ఎవరైనా సరే, అటవీ శాఖ శిక్షణ పొంది ధ్రువపత్రం తీసుకోవాలని 2020లో నియమం పెట్టింది. 'సర్ప' అనే యాప్‌లో వాళ్ళ వివరాలుంటాయి. సంఘం మనిషికీ సొంతంగా పట్టేవాడికీ ఒకటే కొలత. అది మంచిది కూడా. పట్టిన చోటికి దూరంగా తీసుకెళ్ళి వదిలిన పాములు దారితప్పి చస్తున్నాయని పరిశోధకులు చెబుతున్నారు. కాపాడే చేతికీ శిక్షణ కావాలన్నమాట.

ఇది ఏదో కొద్దిమంది కడుపు గొడవ అనుకోవడానికి లేదు. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. చెరకు తోటల్లో, వేరుశనగ చేలల్లో పనిచేసే కుటుంబాలకు ఈ లెక్క కొత్తది కాదు. పామును చంపకుండా, మనిషి చావకుండా చూసే చేతులు ప్రతి మండలానికీ కావాలి.

కార్వేటినగరం పక్కనే పుత్తూరు. అక్కడ డిగ్రీ లేని చేతులు కట్టే కట్టు కోసం ఎక్కడెక్కడి నుంచో వస్తారు. విరిగిన ఎముక విషయంలో తాతల నాటి నేర్పును నమ్మిన ఈ నేల, పాము విషయంలో అదే నేర్పును బుట్టతో సహా పారేసింది. పామును ఆడించడం ఆగాల్సిందే, అందులో రెండో మాట లేదు. బుట్ట మీద చెయ్యి వేసేది అధికారి కావాలి, పంచనామా రాయాలి, పాము ఎక్కడ వదిలారో కాగితం మీద ఉండాలి. ఆ తర్వాత అదే పాములోడి కొడుక్కి శిక్షణ ఇచ్చి, కొక్కెం కర్ర, గుర్తింపు కార్డు చేతికివ్వాలి. ఎంతైనా పాము కాళ్ళు పాముకెరుక... ఆ తర్వాత ఎరిగింది పాములోడే.