పిడి లేని ఉపగ్రహానికి అనుమతి ఇవ్వరాదు

2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన పీఎస్ఎల్వీ-సీ60 రాకెట్టు చివరి దశ మీద, ఏడు కీళ్లతో గొంగళిపురుగులా నడిచేలా ఇస్రో రూపొందించిన రోబో చేయి ఒకటి కక్ష్యకు చేరింది. 2035 నాటికి పూర్తి చేయదలచిన భారతీయ అంతరిక్ష కేంద్రానికి ఇలాంటి చేతులు తప్పనిసరే. అయితే చేయి ఎంత నేర్పు గలదైనా, ఎదుటి వస్తువుకు పట్టుకొనే పిడి లేకపోతే ఆ నేర్పు అక్కరకు రాదు.

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2001 నుంచి పనిచేస్తున్న కెనడార్మ్-2 అనే రోబో చేయి కొసన డొల్లగా ఉండే డబ్బాలో మూడు లోహపు తీగలు ఉంటాయి. అవతలి నౌకకు బిగించిన పిడి నుంచి పొడుచుకు వచ్చిన కడ్డీ ఆ డబ్బాలోకి చొరగానే లోపలి వలయం తిరిగి, తీగలు ఉచ్చులా బిగుసుకొని, కడ్డీని లోపలికి లాగి కదలకుండా పట్టేస్తాయి. 1990లో కక్ష్యకు వెళ్లిన హబుల్ దుర్భిణికి ముందే పిడి అమర్చి ఉన్నందువల్లే 1993 నుంచి 2009 వరకు ఐదుసార్లు స్పేస్ షటిల్ రోబో చేయి దాన్ని అందుకొని మరమ్మతుకు నిలబెట్టగలిగింది.

ఇంటెల్‌శాట్-603కు ఆ అదృష్టం లేదు. తప్పు కక్ష్యలో చిక్కుకున్న ఆ భారీ ఉపగ్రహాన్ని పట్టడానికి 1992లో ప్రత్యేకంగా చేయించి తీసుకెళ్లిన కడ్డీ అతుక్కోక, చివరకు ముగ్గురు వ్యోమగాములు బయటికి వచ్చి చేతులతోనే పట్టుకోవలసి వచ్చింది. సాహసమే, కాని ఏ ఇంజనీరూ ముందుగా రాసుకొనే ప్రణాళిక కాదది. 2020లో ఇంధనం తగ్గిపోయిన ఇంటెల్‌శాట్-901ను అందుకోవడానికి వెళ్లిన సేవా నౌక సైతం, వేరే ఆధారం లేక, దాని ఇంజను నాజిల్‌లోకే కడ్డీని దూర్చింది.

పిడి వల్ల బరువు పెరుగుతుందన్న అభ్యంతరం నిజమే గనుక, కొద్ది కాలానికే వాతావరణంలో కాలిపోయే చిన్న ఉపగ్రహాలను మినహాయించవచ్చు. ఏళ్ల తరబడి పనిచేసి, పరికరాలు బాగున్నా ఇంధనం అయిపోవడంతో మూలపడే భూస్థిర కక్ష్యలోని సమాచార ఉపగ్రహాలకు ఆ మినహాయింపు తగదు. ఇస్రో తన ఉపగ్రహాలకూ, ప్రైవేటు ప్రయోగాలకు అనుమతులిచ్చే ఇన్-స్పేస్ తన దరఖాస్తుదారులకూ ఒకే కొలతల పిడిని, కెమెరా గుర్తించగల గురుతులను నిర్బంధం చేయాలి. ప్రయోగానికి ముందు మూత బిగించి, ఉష్ణరక్షక పొరతో కప్పేసే ఇంధనపు వాల్వును కూడా రోబో చేయి తెరవగలిగేలా మార్చాలి. అంతరిక్ష కేంద్రపు తొలి భాగాన్ని 2028లో పంపాలన్నది లక్ష్యం కాబట్టి, ఆ పిడి నమూనా చిత్రాలను అంతకు ముందే తయారీదారులందరికీ అందుబాటులో ఉంచాలి.