పిత్తనాళంలో చూపు మసకబారితే

కళ్లు పచ్చబడి, ఒళ్లంతా దురదతో వచ్చిన రోగికి పిత్తనాళం ఒకచోట ఇరుకైందని స్కానింగ్‌లో తేలుతుంది. అది క్యాన్సరా, మామూలు వాపా? క్యాన్సరైతే కాలేయంలో కొంత భాగం కోసి తీసేయాల్సి రావచ్చు. వాపైతే స్టెంట్‌తో, మందులతో గండం గడవచ్చు.

నోటి గుండా ఎండోస్కోప్ పంపి పిత్తనాళాన్ని పరీక్షించే ఈఆర్‌సీపీ 1968 నుంచి ఉంది. కానీ అందులో డాక్టరుకు కనిపించేది డై ఎక్కించాక ఎక్స్‌రేలో పడే నాళం నీడే. బ్రష్‌తో గీకి తీసిన కణాల పరీక్షకు చాలా క్యాన్సర్లు దొరకవు. అందుకే కెమెరాను నాళంలోకే పంపే కొలాంజియోస్కోపీకి అంత విలువ. 2007లో వచ్చిన స్పైగ్లాస్ అనే కొలాంజియోస్కోప్‌ను ఒక్క డాక్టరే ఒంటరిగా నడపగలిగేవారు. అయితే బొమ్మ సన్నని గాజు పోగుల గుండా రావడంతో జల్లెడలోంచి చూసినట్టుండేది. 2015లో వచ్చిన డిజిటల్ రకంలో చిప్ గొట్టం కొసకే చేరింది. గోడ మీద ఉబ్బి మెలికలు తిరిగిన రక్తనాళాలు స్పష్టంగా కనిపించసాగాయి. క్యాన్సర్ అనుమానాన్ని పెంచే గుర్తుల్లో అవి ముఖ్యమైనవి.

చిప్ ఒక్కటే చాలదు.

పైత్యరసం, చీము, నెత్తురు అడ్డుపడితే ఎంత ఖరీదైన కెమెరా అయినా గుడ్డిదే. సెలైన్‌తో ఓపిగ్గా కడగాలి, అదీ ఒత్తిడి పెరగకుండా. పెరిగితే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకే ప్రమాదం ఉంది. ముందే వేసిన స్టెంట్ ఒరుసుకుని గోడ ఎర్రబడినా క్యాన్సర్‌లాగే భ్రమపెడుతుంది. చీము పట్టి జ్వరం కాస్తుంటే స్టెంట్ ఆపకూడదు, నిజమే. ఆ తొందర లేనప్పుడైనా ముందు చూసి, బయాప్సీ తీసి, తర్వాత స్టెంట్ వేయడం మేలు.

పైగా ఒకే వీడియో చూసి నిపుణులు వేర్వేరు మాటలు చెప్పిన సందర్భాలు పరిశోధనల్లో నమోదయ్యాయి. మొనాకో, మెండోజా పేర్లతో ప్రమాణాలు పుట్టింది ఆ తేడాలు తగ్గించడానికే. మసక బొమ్మ మీద ఆ ప్రమాణాలూ పనిచేయవు.

డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి స్థాపించిన ఏఐజీ ఆసుపత్రి వల్ల హైదరాబాద్‌కు ఎండోస్కోపీలో ప్రపంచవ్యాప్తంగా పేరుంది. ఇలాంటి నగరం నుంచే ఒక పద్ధతి మొదలవ్వాలి. పరీక్ష చేసిన ప్రతి ఆసుపత్రీ పూర్తి వీడియోను రోగి చేతికివ్వాలి. నాళాన్ని ఎంతవరకు శుభ్రంగా చూడగలిగారో, ఏ భాగం కనిపించలేదో రిపోర్టులో రాయాలి. ఒక్కసారి వాడి పారేసే ఈ కొలాంజియోస్కోప్ ఖరీదు సామాన్యుడికి మోయలేని భారం. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వీడియో లేదన్న ఒక్క కారణంతో ఆ ఖర్చు మళ్లీ పెట్టించకూడదు.