పళ్లెంలో కణానికి పేగు లేదు

మా పెద్దమ్మకు కీళ్లవాతం. వారానికోసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మాత్రతో చేతులు కుదుటపడ్డాయి. పిండి కలుపుకునేది, పూలు కట్టుకునేది. ఒకరోజు ఇంటికొచ్చిన ఏజెంటు దానిమ్మ సారం సీసా చేతిలో పెట్టి, "మనిషి కణాల మీద రుజువైందమ్మా, ఇంగ్లీషు మందు ఇంకెందుకు?" అన్నాడు. ఆమె మాత్ర మానేసింది. ఎనిమిది నెలలు! వాతం తినేసిన ఎముక మళ్లీ పూడదు. ఆ వేళ్లు ఇక చాపుకోవు.

మనిషి కణాల మీద పరీక్షలు జరిగిన మాట నిజమే. నా కోపమంతా అక్కడే. ఆ పరీక్ష ఏమిటో చెప్పకుండా ఫలితం ఒక్కటే అమ్ముతున్నారు.

ల్యాబుల్లో తరచూ వాడే కణాలు టీహెచ్‌పీ-1. ల్యుకేమియా వచ్చిన ఒక ఏడాది పసివాడి రక్తంలోంచి జపాన్‌లో తీసిన కణాల సంతతి అది. వాటిని ప్లాస్టిక్ పళ్లెంలో పెంచి, బాక్టీరియా పైపొరలోని పదార్థంతో రెచ్చగొడతారు. లోపల ఎన్ఎఫ్-కప్పా-బి అనే మీట లేస్తుంది. టీఎన్ఎఫ్ వంటి, వాపు పుట్టించే ప్రొటీన్లు బయటికొస్తాయి. పండులోని పాలీఫినాల్ కలిపితే అవి తగ్గుతాయి. ద్రాక్ష, నేరేడు, దానిమ్మ, వేటితో చేసినా ఇలాంటి ఫలితాలే బోలెడు వచ్చాయి. కానీ ఆ పళ్లేనికి పేగు లేదు, కాలేయం లేదు, మూత్రపిండం లేదు.

ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ సంగతే చూడండి. పళ్లెంలో 25 మైక్రోమోలార్ పోయడం మామూలే. అంటే మిల్లీలీటరుకు దాదాపు 5,700 నానోగ్రాములు. మనుషులకు 25 మిల్లీగ్రాములు మింగించి చూస్తే, మార్పు చెందకుండా రక్తంలో మిగిలింది మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల లోపే. వెయ్యి రెట్లకు పైగా తేడా! పైగా ఆ 25 మిల్లీగ్రాములు కిలోలకొద్దీ ద్రాక్ష తిన్నా అందవు. దానిమ్మలోని ప్యూనికలాజిన్ కూడా ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి చేరదు. పేగులోని బాక్టీరియా దాన్ని విరిచి యూరోలిథిన్లుగా మారుస్తాయి. ఆ పని చేయగల బాక్టీరియా అందరి కడుపులోనూ ఉండవు. పళ్లెంలో కణానికి తగిలింది ఒకటి, ఒంట్లో కణానికి అందేది ఇంకొకటి.

అమెరికాలో పామ్ వండర్‌ఫుల్ అనే దానిమ్మ రసం కంపెనీ పరిశోధనల మీద 3.5 కోట్ల డాలర్లకు పైగా పెట్టి, గుండెజబ్బుకూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కూ తమ రసం పనిచేస్తుందని ప్రకటించుకుంది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆ ప్రకటనల్ని మోసపూరితమని తేల్చింది. 2015లో అప్పీలు కోర్టూ ఆ తీర్పును చాలావరకు నిలబెట్టింది.

పళ్లెం పరీక్షలు దండగని నేననను. లండన్‌లో ఫెల్డ్‌మన్, మైనీ బృందం 1980లలో వాతం పట్టిన కీళ్ల కణజాలాన్ని పళ్లెంలోనే పెంచి, టీఎన్ఎఫ్‌ను అడ్డుకుంటే మిగతా వాపు సంకేతాలూ తగ్గుతాయని చూసింది. అక్కడితో ఆగి సీసాలు అమ్ముకోలేదు. టీఎన్ఎఫ్‌ను అడ్డుకునే మందును 1992లో రోగులకిచ్చి చూశారు. ఆ తర్వాత ఉత్తుత్తి మందుతో పోల్చి పరీక్షించారు. ఆ మందే ఇన్‌ఫ్లిక్సిమాబ్, కీళ్లవాతానికి అనుమతి పొందింది 1999లో. పళ్లెం నుంచి రోగి మంచం దాకా పదేళ్లు నడిచారు వాళ్లు. మా ఇంటికొచ్చినవాడు ఆ పదేళ్లూ ఒక్క వాక్యంలో దాటేశాడు, దాటిన దూరానికి మూల్యం పెద్దమ్మ చేత కట్టించాడు.

విలేఖరులారా, ఇలాంటి ఫలితాల గురించి రాసేటప్పుడు శీర్షికలో "పళ్లెంలోని కణాల మీద" అని రాయడానికి చోటు లేదా? మన దేశంలో 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కొన్ని జబ్బులు నయం చేస్తామనే ప్రకటనల్ని నిషేధించింది. ఆ జాబితాలో రుమాటిజం ఉంది. నోటితో చెప్పినా ప్రకటనేనని ఆ చట్టమే అంటుంది. మరి గడప గడపకూ తిరిగే ఈ నోళ్లను అడిగే అధికారి ఏడీ?

పళ్లు తినండి, కడుపారా తినండి. పెద్దమ్మకు నేనిప్పటికీ దానిమ్మ ఒలిచి పెడతాను. ఒక్కో గింజా పట్టుకోవడం ఆమె వేళ్లకు చేతకాదు. చెంచాతో నేనే నోటికి అందిస్తాను.