ఓడిన ఆట

2005వ సంవత్సరపు టెన్నిస్‌ను తలచుకొన్నప్పుడు మనవారు ముందుగా చెప్పేది, సానియా మీర్జా హైదరాబాదులో గెలిచిన టైటిల్‌ను గురించే. అది సహజం. ఆ ఫిబ్రవరిలో సొంత ఊరి ప్రేక్షకుల నడుమ ఉక్రెయిన్ క్రీడాకారిణి అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా ఆమె నిలిచింది. అప్పటికి ఆమె వయస్సు పద్దెనిమిదేళ్ళు. అయినా ఆ ఏడాదిలో ఆమె ఆడిన ఉత్తమమైన ఆట ఏదని నన్నడిగితే, దానిని చెప్పను. ఆమె ఓడిపోయిన ఒక ఆటను చెబుతాను. ఇందులో వింతేమీ లేదు. భారత యుద్ధంలో గెలిచి బ్రతికిన వీరులెందరున్నా, మన మనస్సు పద్మవ్యూహంలో పడిపోయిన అభిమన్యుని దగ్గరే ఆగుతుంది.

ఆ జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో ఆమెకు వైల్డ్‌కార్డు ద్వారా ప్రవేశం లభించింది. రెండు రౌండ్లు గెలిచి మూడవ రౌండులో సెరెనా విలియమ్స్‌ను ఎదుర్కొని, 1-6, 4-6 తేడాతో ఓడింది. తొలి సెట్ ఏకపక్షమే. రెండవ సెట్‌లో మాత్రం ఆమెలో బెరుకు తగ్గిందని స్కోరే చెబుతోంది. ఆ ఏడాది అక్కడ విజేత సెరెనాయే.

మార్చిలో దుబాయిలో అసలైన సంచలనం జరిగింది. అంతకుముందు సంవత్సరం యు.ఎస్. ఓపెన్ గెలిచిన రష్యా క్రీడాకారిణి స్వెత్లానా కుజ్నెత్సోవాను సానియా 6-4, 6-2 తేడాతో ఓడించింది. ఆమె ఫోర్‌హ్యాండ్‌లోని వేగం చూసి అభిమానులం పొంగిపోయాం. నాలుగు నెలలు తిరగకుండానే వింబుల్డన్ రెండవ రౌండులో మళ్ళీ వారిద్దరే తలపడ్డారు. ఈసారి కుజ్నెత్సోవాకు ఈ అమ్మాయి ఎవరో తెలుసు. ఏమరుపాటున ఉన్న ప్రత్యర్థిని గెలవడం ఒక ఎత్తు, దెబ్బతిని మేలుకొన్న ప్రత్యర్థి ఎదుట నిలవడం మరొక ఎత్తు. తొలి సెట్ 4-6తో పోయినా, సానియా రెండవ సెట్‌ను టై-బ్రేక్‌లో దక్కించుకొంది. మూడవది 4-6. నేను చెప్పదలచిన ఆట ఇదే.

ఆమె ఆటలో లోపం లేదనడం లేదు. మొదటి సర్వీసు తప్పినప్పుడు వేసే రెండవ సర్వీసు బలహీనంగా ఉండేది. గొప్ప క్రీడాకారిణులు దానికోసమే కాచుకొని ఉండేవారు. అభిమానం కొద్దీ మేము ఆ సంగతి ఎత్తేవాళ్ళం కాదు.

సెప్టెంబరులో ఆమె యు.ఎస్. ఓపెన్ నాలుగవ రౌండుకు చేరింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో అంతవరకు వెళ్ళిన భారతీయ మహిళ అంతకుముందు లేదు. అక్కడ మరియా షరపోవా చేతిలో 2-6, 1-6 తేడాతో ఓడింది. ఎందుకు ఓడిందో విచారించవలసిన ఆ నెలలోనే ఆమె స్కర్టు పొడవును గురించి వివాదం చెలరేగింది. కొందరు మతపెద్దలు ఆక్షేపించారు. పత్రికలు ఆ చర్చకు పేజీలు కేటాయించాయి. ఆ ఏడాది చివరకు ప్రపంచంలో 31వ స్థానానికి ఎదిగిన క్రీడాకారిణిని గురించి పెద్దలకు తోచిన ప్రశ్న అది! నాకు ఇప్పటికీ కోపం తగ్గలేదు.

ఆ జూన్‌లో, వింబుల్డన్ ఆట జరిగిన మరునాడు, నేను ఇంటర్మీడియట్ తరగతిలో ప్రాచీన పద్యమొకటి చెప్పబోతున్నాను. సానియా ఈడు విద్యార్థిని ఒకతె లేచి, "టై-బ్రేక్ అంటే ఏమిటి సార్?" అని అడిగింది. పద్యాన్ని పక్కన పెట్టి, ఆరు గేములు ఆరు గేములు సమమైతే ఏమవుతుందో, ఏడు పాయింట్లకు చేరినా రెండు పాయింట్ల ఆధిక్యం ఎందుకు ఉండాలో నల్లబల్లపై వ్రాసి చూపాను. వెనుక బెంచీలోని ఆడపిల్లలు ఆ అంకెలను నోటుపుస్తకాల్లో ఎక్కించుకొన్నారు.